లెపర్డ్ గెకో కొనేముందు తోక చూడండి, రంగు తర్వాత

నమస్తే అండీ. మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీరు మధురవాడలో ఉంటున్నారు. తొమ్మిదో తరగతి చదివే మీ అమ్మాయి ఏడాదిగా లెపర్డ్ గెకో, అంటే ఒళ్లంతా చుక్కలుండే ఒక రకం పెంపుడు బల్లి, కావాలంటోంది. వాట్సాప్‌లో ఒకాయన మూడు గెకో పిల్లల ఫొటోలు పంపి, మూడూ ‘క్యాప్టివ్ బ్రెడ్’ అన్నాడు, అంటే అడవిలో పట్టినవి కావు, పెంపకంలోనే పుట్టినవి అని. వాటిలో నిమ్మపండు రంగులో మెరిసేదానికి రెట్టింపు ధర చెప్పాడు. ఆరోగ్యంగా ఉన్నదాన్ని ఎలా గుర్తుపట్టాలి, వైజాగ్ ఎండలకు అది తట్టుకుంటుందా, ఇంట్లో ఉన్న పెద్దావిడ, మీ అమ్మగారికి దానివల్ల జబ్బు ఏమైనా వస్తుందా అన్నవి మీ సందేహాలు.

నేను 2012 నుంచి ఎంవీపీ కాలనీలో గెకోలను పెంచుతున్నాను. కొన్నిటిని పదేళ్లు దాటి బతికించుకున్నాను, కొన్నిటిని నా తెలియనితనం వల్ల పోగొట్టుకున్నాను. ఆ రెండో రకం అనుభవమే మీకు ఎక్కువ పనికొస్తుంది కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

మీరు పెట్టిన ఫొటోల్లో నేను ముందు చూసింది తోకలు. నిమ్మరంగుదాని తోక మొదలు దాని మెడకన్నా సన్నగా ఉంది. ఈ బల్లి కొవ్వంతా తోకలోనే దాచుకుంటుంది. తిండి దొరకని రోజుల్లో ఆ నిల్వ మీదే బతుకుతుంది. అందుకని బాగా తింటున్న గెకో తోక బొద్దుగా, కనీసం మెడంత వెడల్పుగా ఉంటుంది. తుంటి ఎముకలు పైకి తేలి, తోక పుల్లలా ఉంటే అది వారాల తరబడి సరిగ్గా తినలేదని, లేదా తిన్నది ఒంటికి పట్టడం లేదని అర్థం.

నేను మొదట కొన్న రెండు గెకోల్లో ఒకదాని తోక అచ్చం అలాగే ఉండేది. అమ్మినాయన “ప్రయాణం టెన్షన్ అండీ, రెండు రోజుల్లో మామూలుగా తినేస్తుంది” అన్నాడు. నమ్మాను. అది పురుగును చూసేది, దగ్గరకు వచ్చేది, నోట్లో పెట్టుకుని వదిలేసేది. మూడో వారంలో తిన్నది కక్కింది. కొన్నప్పుడు 22 గ్రాములున్నది 13కి వచ్చింది. 41వ రోజు పొద్దున్న చనిపోయి కనిపించింది. రెండోది చాలా హుషారైనది, తోక వేలంత లావు. కానీ నేను రెండింటికీ ఒకే పట్టకారుతో పురుగులు పెట్టాను, రెండు నీళ్ల గిన్నెలనూ ఒకే స్పాంజితో కడిగాను. నాలుగు నెలలకు దాని తోక కూడా కరగడం మొదలైంది. మలపరీక్షలో క్రిప్టోస్పోరిడియం అని తేలింది. ఆ పరీక్ష మొదటిదానికే చేయించి ఉంటే రెండోది దక్కేది.

ఈ క్రిప్టో గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే లెపర్డ్ గెకోలు పెంచేవాళ్లు దీనికి భయపడినంతగా మరి దేనికీ భయపడరు. ఇది కంటికి కనిపించని పరాన్నజీవి. గెకోల్లో ఎక్కువగా చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. దాంతో తిన్నది వంటబట్టదు. మలంలో బయటికి వచ్చి చేతులు, గిన్నెలు, తిరిగి డబ్బాలో పడిన పురుగుల ద్వారా ఇంకోదానికి పాకుతుంది. మామూలు ఫినాయిల్‌కీ, బ్లీచింగ్‌కీ చావదు. మరిగే నీళ్లు, ఆవిరి లాంటి గట్టి వేడి కావాలి. పూర్తిగా నయం చేసే నమ్మకమైన మందు ఇప్పటికీ లేదు. పైగా కొన్ని గెకోలు పైకి మామూలుగా ఉంటూనే దీన్ని మోస్తుంటాయి, మలంలో అది రోజూ పడదు కూడా. అందుకే ఒక్కసారి పరీక్ష చేయించి ఏమీ లేదంటే నిశ్చింతగా ఉండకూడదు. కొన్ని వారాల తేడాతో రెండు మూడు సార్లు చేయించాలి, దొరికితే పీసీఆర్ పరీక్ష (పరాన్నజీవి జన్యుపదార్థాన్ని వెతికేది) మేలు.

తోక సన్నబడటానికి ప్రతిసారీ క్రిప్టోయే కారణం కాదు. కడుపులో నులిపురుగులు, చలి, ఒకే డబ్బాలో ఐదారింటిని కలిపి పెంచడం, గుడ్లు పెట్టడం, ఇవన్నీ కారణాలే. కొన్ని నెల రోజుల మంచి తిండితో కోలుకుంటాయి. అయితే దుకాణంలో నిలబడి చూస్తే ఏది ఏమిటో మీకూ తెలియదు, నాకూ తెలియదు. జాలిపడి కొంటే, రక్షించామనుకున్న ఆ ఒక్కదాని స్థానంలో అమ్మకందారు మరొక పుల్లతోకదాన్ని తెచ్చిపెడతాడు. మొదటి గెకో విషయంలో దయచేసి జాలిపడకండి.

ఒక మినహాయింపు ఉంది. తోక ఒకసారి తెగి మళ్లీ పెరిగినదైతే అది ముల్లంగి దుంపలా పొట్టిగా, నున్నగా, వలయాలు లేకుండా ఉంటుంది. అది జబ్బు కాదు. మన గోడమీది బల్లి తోక తెంపుకోవడం అందరం చూసిందే, ఇదీ అంతే. అయితే ఎలా తెగిందని అడగండి. ‘పక్కది కొరికింది’ అంటే పిల్లలను గుంపుగా పెంచుతున్నాడన్నమాట. అప్పుడు మీరు చూస్తున్న మిగతావాటి కాలివేళ్లు కూడా లెక్కపెట్టండి.

చూడటానికి సాయంత్రం వెళ్లండి. ఇవి పొద్దుగూకాక కదిలే జీవులు. మధ్యాహ్నం మత్తుగా పడుకుని ఉంటే అది నిద్రో నీరసమో తేల్చుకోలేరు. దాన్ని చేతిలోకి తీసుకునే ముందు నడిపించి చూడండి. ఆరోగ్యంగా ఉన్న గెకో పొట్టను నేల నుంచి ఎత్తి నాలుగు కాళ్ల మీద నడుస్తుంది. పొట్ట ఈడ్చుకుంటూ పోయినా, కాళ్లు వంకరగా ఉన్నా, వేళ్లు వణికినా ఎముకలు మెత్తబడే జబ్బు అయి ఉండవచ్చు. కాల్షియం, డి3 విటమిన్ చాలక వచ్చేది అది. దవడ కూడా చూడండి. కింది దవడ రబ్బరులా వంగినా, నోరు పూర్తిగా మూసుకోకపోయినా అదే జబ్బు ముదిరిందని అర్థం. ఎముకలు గట్టిపడేలా వైద్యం చేయవచ్చు గానీ, వంకరలు జీవితాంతం ఉండిపోతాయి.

తర్వాత కళ్లు. మన ఇంటి బల్లికి కనురెప్పలు ఉండవు, నాలుకతో కళ్లు తుడుచుకుంటుంది. లెపర్డ్ గెకోకు కదిలే కనురెప్పలు ఉంటాయి. రెండు కళ్లూ ఒకే సైజులో, పూర్తిగా తెరుచుకుని, తడిగా మెరుస్తూ ఉండాలి. ఒక కన్ను మూసుకుని ఉంటే రెప్ప కింద కుబుసం ఇరుక్కుని ఉండవచ్చు, లేదా విటమిన్-ఎ చాలకపోయి ఉండవచ్చు. ‘నిద్రపోతోంది’ అంటే రెండో కన్ను కూడా మూసుకోవాలి కదా.

కాలివేళ్లు టార్చ్ వేసి చూడాలి. కుబుసం విడిచినప్పుడు వేళ్ల కొసల్లో పొర మిగిలిపోతే అది ఉంగరంలా బిగుసుకుని రక్తం ఆపేస్తుంది. వేలు నల్లబడి ఊడిపోతుంది. ఒక వేలు లేనంతమాత్రాన గెకో చెడ్డది కాదు. కానీ మూడు పాదాలకూ పాత పొరలు అంటుకుని ఉంటే, దానికి తేమ గూడు (కుబుసం విడవడానికి తడిగా ఉంచే చిన్న డబ్బా) పెట్టనివాడు తిండి మీద కాల్షియం పొడి చల్లి ఉంటాడని నేననుకోను. చివరగా తోక కింద మలద్వారం శుభ్రంగా, పొడిగా ఉండాలి. వాపు, ఎండిన మలం, బయటికి వచ్చిన ఎర్రటి కండ, వీటిలో ఏది కనిపించినా వద్దు.

మలం చూపించమని అడగడానికి మొహమాటపడకండి. ముదురు గోధుమరంగులో గట్టిగా ఉండి, పక్కనే తెల్లటి సున్నం లాంటి ముక్క ఉంటే బాగుంది. ఆ తెల్లటిది పసుపుపచ్చగా మారితే నీళ్లు చాలడం లేదన్నమాట. జిగురుగా, నీళ్లగా, ముక్కు మూసుకునేంత వాసనతో ఉన్నా, పురుగులు అరగకుండా అలాగే పడుతున్నా బయటికి నడవండి. శుభ్రం చేసిన డబ్బా చూపిస్తే, ముందు రోజు శుభ్రం చేయవద్దని చెప్పి ఇంకోరోజు వెళ్లండి. గెకోలను ప్రేమగా పెంచే బ్రీడర్ ఈ మాటకు నొచ్చుకోడు.

అన్నిటికన్నా మంచి పరీక్ష మీ ఎదుట తినడం. పురుగు కదలగానే తల తిప్పి, తోక కొసను చకచకా ఆడించి దూకితే ఆ గెకోలో జీవం ఉంది. తోకను పైకెత్తి నెమ్మదిగా పాములా ఊపితే అది భయం, అప్పుడు వదిలేయండి. ఇంట్లో వాడే చిన్న డిజిటల్ తూకం కూడా తీసుకెళ్లండి. గుడ్డులోంచి వచ్చినప్పుడు పిల్ల సుమారు మూడు గ్రాములుంటుంది, పెద్దయ్యాక 50 నుంచి 80 గ్రాముల దాకా తూగుతుంది. మొదటిసారి పెంచేవాళ్లు 15 గ్రాములు దాటి, కనీసం రెండు నెలలు నిండి, తనంతట తాను తింటున్నదాన్నే తీసుకోవాలని నా అభిప్రాయం. అంతకన్నా చిన్నవి చూడముచ్చటగా ఉంటాయి గానీ ఒక వారం తినకపోతే వాటికి వెనక నిల్వ ఉండదు.

ఇక ఆ నిమ్మరంగు. ఫొటోలు పంపినాయన దాన్ని ‘లెమన్ ఫ్రాస్ట్’ అన్నాడని రాశారు. అది నిజంగా లెమన్ ఫ్రాస్టే అయితే ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. ఆ మెరుపు తెచ్చే జన్యుమార్పే చర్మంలో కణితులు కూడా తెస్తుంది. దీనిపై 2021లో వచ్చిన పరిశోధన స్పింట్1 అనే జన్యువును కారణంగా చూపింది. ఆ రంగుతో పుట్టినవాటిలో చాలావాటికి కణితులు వస్తాయి. అలాగే ‘ఎనిగ్మా’ అనే మార్ఫ్ ఉంది, మార్ఫ్ అంటే పెంపకంలో ఎంచి నిలబెట్టిన రంగు రకం. ఎనిగ్మాల్లో నరాల లోపం వస్తుంది. తల వాల్చి గుండ్రంగా తిరగడం, ఆకాశం వైపు చూస్తూ ఉండిపోవడం, పురుగు మీదికి దూకి గురి తప్పడం కనిపిస్తాయి. కొన్నిటిలో చిన్నప్పుడు ఏమీ తెలియదు, తర్వాత బయటపడుతుంది. కావాలని బాధతో పుట్టించే జీవిని కొనడం నాకు ఇష్టం లేదు, మీ అమ్మాయికి ఈ సంగతి చెబితే తనకూ ఇష్టముండదు. మామూలు పసుపు మీద నల్లచుక్కలు ఉన్నదే తీసుకోండి. ఆల్బినో (ఒంట్లో నల్లరంగు లేకుండా పుట్టే) రకాలు వెలుతురుకు ఇబ్బందిపడతాయి, అంతకుమించి పెద్ద చిక్కు లేదు.

ఇప్పుడు మన ఊరికి మాత్రమే సంబంధించిన ఒక ముఖ్యమైన విషయం. ‘క్యాప్టివ్ బ్రెడ్’ అన్న మాటను వైజాగ్‌లో మరింత గట్టిగా ప్రశ్నించాలి. ఎందుకంటే మన తూర్పు కనుమల్లోనే లెపర్డ్ గెకో బంధువు ఒకటి ఉంది. యూబ్లెఫారిస్ పిక్టస్ అని ఆంధ్ర, ఒడిశాల నుంచి 2022లో శాస్త్రవేత్తలు కొత్త జాతిగా వర్ణించారు. అంతకుముందు దాన్ని హార్డ్‌విక్కీ అనే జాతిలో భాగంగా లెక్కించేవారు. దుకాణాల్లో లెపర్డ్ గెకో పేరుతో ఉండేది యూబ్లెఫారిస్ మాక్యులారియస్, అది పెద్దయ్యాక చుక్కలతో ఉంటుంది. మన కొండల్లోవాటికి పెద్దయ్యాక కూడా ముదురు గోధుమరంగు, లేత పసుపు వెడల్పాటి పట్టీలు ఉంటాయి. పిల్లలుగా మాక్యులారియస్‌కీ పట్టీలే ఉంటాయి కాబట్టి చిన్నదాన్ని చూసి తేల్చడం కష్టం. పెద్ద గెకోకు పట్టీలు ఉండి, పుట్టిన తేదీ ఎవరికీ తెలియక, ఒంటిమీద పాత గాట్లు, చంకల్లో ఎర్రటి నల్లులు కనిపిస్తే అది ఏ కొండ మీంచో వచ్చిందని అనుమానించండి. కొనకండి, అటవీ శాఖకు చెప్పండి. చైనాలో 1999లో వర్ణించిన గోనియురోసారస్ లూయీ అనే గెకోను, అది దొరికిన చోటు తెలిసిపోగానే వేటగాళ్లు అక్కడ లేకుండా చేశారు. మన కొండలకు ఆ గతి పట్టకూడదు.

చట్టం మాట కూడా ఇక్కడే. మాక్యులారియస్ సహజంగా అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ నుంచి మన వాయవ్య ప్రాంతం దాకా ఉండే జీవి. కాబట్టి ‘ఇది విదేశీ జాతి, ఏ కాగితమూ అక్కర్లేదు’ అని అమ్మకందారు నోటిమాటగా చెబితే సరిపోదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించారు, జాబితాలు మారాయి. డబ్బు కట్టకముందే శాస్త్రీయ నామం రాసి జిల్లా అటవీ అధికారి కార్యాలయంలో అడిగి, సమాధానం కాగితం మీద తీసుకోండి. వాళ్లు వద్దంటే అక్కడితో ఆపేయండి. సరేనంటే బ్రీడర్ దగ్గర తల్లిదండ్రుల ఫొటోలు, గుడ్డు పెట్టిన తేదీ, పిల్ల బయటికి వచ్చిన తేదీ, వారం వారం బరువు రాసిన పుస్తకం అడగండి. నిజంగా పెంచేవాడికి ఇవన్నీ చేతిలోనే ఉంటాయి. గుడ్లు పొదిగే వేడిని బట్టే పిల్ల ఆడో మగో అవుతుంది కాబట్టి వాళ్లు ఆ వేడి కూడా రాసుకుంటారు. 26 డిగ్రీల దగ్గర దాదాపు అన్నీ ఆడవి, 32, 33 డిగ్రీల దగ్గర ఎక్కువ మగవి. ‘ఎన్ని డిగ్రీల్లో పొదిగించారు’ అన్న ఒక్క ప్రశ్న వేయండి. తెచ్చి అమ్మేవాడు తడబడతాడు, పెంచినవాడు ఆపకుండా పది నిమిషాలు చెబుతాడు.

వైజాగ్ వాతావరణం గురించి. ఎండకన్నా ఇక్కడి ఉక్కతో జాగ్రత్త. ఇది పొడి నేలల జీవి. డబ్బాలో ఒక పక్క నేల 32 నుంచి 34 డిగ్రీలు, ఇంకో పక్క 25 నుంచి 27 ఉండాలి, అది అటూ ఇటూ మారుతూ తన ఒంటి వేడి సర్దుకుంటుంది. ఏప్రిల్, మే, జూన్‌లలో మన గదే 32 ఉంటుంది కాబట్టి పగలు హీట్ మ్యాట్ (డబ్బా కింద పెట్టే కరెంటు వేడి చాప) అక్కర్లేదు, చల్లటి పక్కను కాపాడటమే పని. పడమటి గోడకు ఆనించవద్దు, కిటికీ ఎండ అద్దం మీద పడకూడదు. అడుగున నేను కడప బండ ముక్కలు పరుస్తాను. తడిగుడ్డతో తుడిచేయవచ్చు, వేసవిలో చల్లగా ఉంటాయి, చలికాలంలో కింద మ్యాట్ పెడితే వేడిని చక్కగా పట్టుకుంటాయి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో థర్మోస్టాట్‌తో (వేడి మితిమీరకుండా ఆపే పరికరంతో) మ్యాట్ కావాలి, థర్మోస్టాట్ లేకుండా మ్యాట్ పెట్టి పొట్ట కాలిన గెకోను చూశాను. డబ్బాకు గాలి బాగా ఆడాలి. తేమ మాత్రం ఒక మూల మూతపెట్టిన చిన్న డబ్బాలో, తడిపిన కొబ్బరిపొట్టుతో, కుబుసం విడవడానికి సరిపడా ఉండాలి. బీచ్ ఇసుక తెచ్చి వేయకండి, ఎంత అందంగా ఉన్నా సరే. ఉప్పు ఒకటి, పురుగుతోపాటు మింగిన ఇసుక పేగులో గడ్డకట్టడం ఇంకొకటి.

కరెంటు పోతే ఏమిటని మీరు అడగలేదు గానీ చెబుతాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా వీధికి రోజుల తరబడి కరెంటు లేదు. నా గెకోలు నాలుగూ నిలబడ్డాయి. నేను చేసింది ఒక్కటే, తిండి ఆపి నీళ్లు మాత్రం పెట్టాను. వేడి చాలనప్పుడు కడుపులో పురుగు అరగదు, కుళ్లుతుంది. తోకలో నిల్వ ఉన్న ఆరోగ్యమైన పెద్ద గెకోకు వారం పస్తు సమస్య కాదు. మొదట్లో తోక గురించి అంత చెప్పింది ఇందుకు కూడా.

ఇతర గెకో రకాల్లో క్రెస్టెడ్ గెకో మనకు పనికిరాదు. న్యూ కాలెడోనియా దీవులది, 28 డిగ్రీలు దాటి ఎక్కువసేపు ఉంటే కష్టపడుతుంది. రోజంతా ఏసీ నడిపే ఇల్లైతే తప్ప ఆలోచించకండి. ఆఫ్రికన్ ఫ్యాట్ టెయిల్డ్ గెకోకు తేమ ఇష్టం కాబట్టి మన ఊరు నప్పుతుంది, కానీ అడవిలో పట్టి ఎగుమతి చేసినవి ఆ జాతిలో చాలా తిరుగుతుంటాయి. దానికీ పైన చెప్పిన పొదుగు ప్రశ్నలే వేయాలి.

తిండి గురించి కొద్దిగా. పెంచిన ఇలకోళ్లు, డూబియా బొద్దింకలు, మీల్‌వార్మ్స్. సైజు గెకో రెండు కళ్ల మధ్య దూరాన్ని మించకూడదు. పెట్టేముందు రోజు వాటికి క్యారెట్, మునగాకు తినిపించండి, కాల్షియం పొడిలో దొర్లించి పెట్టండి. తోటలో పట్టిన పురుగులు వద్దు, పక్కింటివాళ్లు ఏ మందు కొట్టారో తెలియదు. మిణుగురులు అసలే వద్దు, వాటిలో కొన్నిటి విషం బల్లుల ప్రాణం తీస్తుంది.

అమ్మగారి విషయం. బల్లి విషమని, మీద పడితే దోషమని మన ఇళ్లలో పెద్దలకు భయం ఉంటుంది. లెపర్డ్ గెకోకు విషం లేదు, గోడలు ఎక్కలేదు కూడా, దాని వేళ్లకు అంటుకునే మెత్తలు ఉండవు. డబ్బా అంచు దాటి అమ్మగారి మంచం మీదికి రాదని ఆవిడకు చూపించండి, సగం భయం పోతుంది. నిజంగా జాగ్రత్త పడాల్సింది సాల్మొనెల్లా అనే, విరేచనాలు తెచ్చే బ్యాక్టీరియాతో. ఆరోగ్యంగా ఉన్న సరీసృపాల కడుపులోనూ ఆ బ్యాక్టీరియా ఉంటుంది. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, దాని గిన్నెలు వంటింటి సింకులో కడగకూడదు, ముద్దు పెట్టకూడదు. ఐదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, పెద్దవాళ్లు, కీమో లాంటి చికిత్సలో ఉన్నవాళ్లు దాన్ని ముట్టుకోకపోవడమే మంచిది. అమ్మగారు దూరం నుంచి చూడవచ్చు.

ఇంటికి తెచ్చాక వారం రోజులు ముట్టుకోకండి, నీళ్లు, తిండి, అడుగున వేసిన కాగితం మార్చడం అంతే. వారానికోసారి బరువు రాయించండి, ఆ పుస్తకం మీ అమ్మాయి బాధ్యతగా పెట్టండి. మొదటి పది రోజుల్లో తాజా మలం చిన్న డబ్బాలో పెట్టి, పక్షులను, తాబేళ్లను చూసే పశువైద్యుడికి ఇవ్వండి. అలాంటి వైద్యుడెవరో గెకో కొనకముందే వెతికిపెట్టుకోండి. రెండోది కొనాలనిపిస్తే మొదటిది మూడు నెలలు బాగా తిని, పరీక్షలు శుభ్రంగా వచ్చాకే. అప్పుడు కూడా వేరే డబ్బా, వేరే పట్టకారు, వేరే స్పాంజి. రెండు మగవాటిని కలిపితే రక్తం వచ్చేదాకా కొట్టుకుంటాయి, ఆడవి కూడా ఒంటరిగానే హాయిగా ఉంటాయి.

మీరు పంపిన ఫొటోల్లో మధ్యది, ఎడమ భుజం మీద మూడు చుక్కలున్న మామూలు పసుపుది, తోక బాగుంది, రెండు కళ్లూ తెరిచి ఉన్నాయి. అటవీ శాఖ నుంచి సమాధానం వచ్చాక, ఒక సాయంత్రం ఏడింటికి అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లండి. తూకం, టార్చ్ తీసుకెళ్లండి. పొదిగిన వేడి ఎంతో ముందు అడగండి. అది మీ ఎదుట పురుగు తింటే, బరువు 15 దాటితే, ఇంటికి తెచ్చుకోండి.